నరం దొరకని శనివారం

మా అత్తగారి కుడి ముంజేతి మీద ఒక తేలు ఉంది. పెళ్ళికి ముందు పుట్టింట్లో ఉండగా, సంతకు వచ్చిన పచ్చబొట్టు ఆవిడ చేత పొడిపించుకున్నది. దాని పక్కన చిన్న ముగ్గు, ముగ్గు చుట్టూ చుక్కలు. వయసు పైబడి చర్మం వదులయ్యాక ఆ తేలు కూడా కాస్త సాగింది. తోక మోచేతి వంపు దాకా పాకింది. ఇన్నేళ్ళలో అది ఎవరినీ ఏమీ చేయలేదు. ఒక పురట్టాసి శనివారం పొద్దున, సూలూరు దగ్గరి చిన్న ఆసుపత్రిలో, ఒక నర్సమ్మను మాత్రం మోసం చేసింది.

ముందు కాలి సంగతి చెప్పాలి. పెరట్లో నిమ్మచెట్టు కింద ఎండుపుల్లలు ఏరుతుంటే అత్తగారి పాదంలో ముల్లు దిగింది. ఆవిడ దాన్ని పిన్నీసుతో తీసి, పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసుకుని, ఎవరికీ చెప్పలేదు. నేను చూసేసరికి కాలు పిక్క దాకా ఎర్రబారి నిగనిగలాడుతోంది. డాక్టరు వేలితో నొక్కి, మాత్రలతో లొంగే వాపు కాదు, మందు నరంలోకి ఎక్కించాల్సిందే అన్నారు. ఆలస్యమైతే విషం పైకి పాకి కాలికే మోసం వస్తుందని కూడా అన్నారు. ఆసుపత్రిలో చేర్చాము. మొదట వేసిన సూది బాగానే పనిచేసింది. శుక్రవారం సాయంత్రానికి అది ఉన్నచోట చెయ్యి ఉబ్బిపోయి తీసేశారు. శనివారం పొద్దుటి మందుకు కొత్తచోటు వెతకాలి.

ఆ శనివారం మాకు మామూలు శనివారం కాదు. ఈ కోవై, మదురై వైపు మా తెలుగిళ్ళలో పురట్టాసి నెల పెరుమాళ్ళది, ఆ గోవిందుడిది. ఆ నెల శనివారాల్లో ఉపవాసం ఉంటాము. మధ్యాహ్నం అన్నం రాశి పోసి, దాని మీద కర్పూరం వెలిగించి, ఇల్లు అదిరేట్టు గోవిందా అని కేక వేసి, అప్పుడే నోట్లో ఏదైనా వేసుకుంటాము. మా అత్తగారు కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క శనివారం తప్పిన మనిషి కాదు. అందుకని ముందురోజే నేను ఆవిడ మంచం పక్కన కూర్చుని బుద్ధులు చెప్పాను.

"అత్తా, ఈ తూరి మీకు విరదం వద్దు. మీకు బదులు నేను ఉంటాను. పెరుమాళ్ళకి తెలీదా ఏమి?"

"నీ ఇష్టం," అన్నారు ఆవిడ.

దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. పొద్దున్నే చిక్కటి కాఫీ ఫ్లాస్కులో పోసుకుని, పాలు విడిగా తీసుకుని వచ్చాను. రెండు గ్లాసుల్లో పోసి ఒకటి అత్తగారికి, ఒకటి మామగారికి ఇచ్చి, మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి రెండు గ్లాసులూ ఖాళీగా కిటికీ గట్టు మీద ఉన్నాయి. మారు మాట్లాడకుండా తాగేసినందుకు నాకు సంతోషమై, మనసులోనే దండం పెట్టుకున్నాను.

అప్పుడు వచ్చింది నర్సమ్మ. పోదనూరు రైల్వే కాలనీ నుంచి వచ్చే పిల్ల, మెడలో సన్నటి శిలువ గొలుసు. ఓపికైన చెయ్యి. ఆసుపత్రి మాటలన్నీ తమిళంలోనే జరిగాయి, వాటిని మా ఇంటి తెలుగులోకి దించి రాస్తున్నాను. అవ్వను పాట్టీ అనడం, పిల్లను ముద్దుగా కణ్ణు అనడం మాత్రం అట్లాగే ఉంచాను. ఆ పిల్ల రబ్బరు పట్టీ కట్టింది, గుప్పెట మూయమంది, రెండు వేళ్ళతో తట్టింది, చేతిని కిటికీ వెలుతురుకు తిప్పింది. ఉన్నట్టుండి ముఖం విప్పారింది.

"ఇదో పాట్టీ, పచ్చగా, బాగా కనబడతా ఉండాది," అంటూ స్పిరిటు దూది రాసి గుచ్చింది. రక్తం రాలేదు. సూదిని కొంచెం వెనక్కి లాగి మళ్ళీ ముందుకు తోసింది. అయినా రాలేదు.

అత్తగారు తల వంచి చూశారు.

"అది నరంబు కాదు కణ్ణు," అన్నారు. "తేలు తోక."

ఆ పిల్ల వంగి చూసి, తోక వెంట తేలు దాకా వెళ్ళి, నాలుక కరుచుకుంది. "నొప్పి పుట్టిందా పాట్టీ?"

"నాకేమి. తేలుకే పుట్టి ఉంటుంది."

సూది తీసి దూది అద్ది, ఎడమ చేతికి మారింది. రబ్బరు తొడుగులో వేడినీళ్ళు నింపి చేతికి ఆనించింది. చెయ్యిని మంచం పక్కకు వేలాడదీయించింది. కొంచెం సేపటికి చేతి వెనకాల సన్నటి గీత ఒకటి తేలింది. సూది దగ్గరికి పోగానే పక్కకు జరిగింది. ఆ పిల్ల అటు పోతే గీత ఇటు వచ్చింది.

"జారిపోతా ఉండాది పాట్టీ."

"మా ఇంటాయన మాదిరే," అన్నారు అత్తగారు. "దూరంగా బాగా కనబడతారు. పని చెప్పబోతే ఆడ ఉండరు."

మామగారు ఆ మాట విననట్టు పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. అది ఆయనకు పాత అలవాటు.

"పాట్టీ, పొద్దున నీళ్ళు, కాఫీ బాగా తాగినారా? ఒంట్లో నీళ్ళు తక్కువైతే నరంబులు లోపలికి పోతాయి," అని అడిగింది నర్సు. అత్తగారు కళ్ళు మూసుకున్నారు. మామగారు నోరు విప్పకుండా కిటికీ గట్టు మీద గ్లాసులు చూపించారు. నర్సు తల ఊపింది. నేనూ ఊపాను.

ఇంతలో మేలూరు నుంచి మా చిన్నత్త దిగింది. అంటే అత్తగారి చెల్లెలు. ఇప్పటికీ మగవాళ్ళతో సమానంగా పొలంలోకి దిగే మనిషి. అక్కకు నరం దొరకలేదని వినగానే రవిక చెయ్యి పైకి లాగి, నర్సు ముక్కు కింద తన ముంజేయి చాపింది. చిలగడదుంప తీగల్లాగా ఉబికిన నరాలు.

"దీంట్లో ఏదో ఒకటి తీసుకో తల్లీ. దీంట్లో పోస్తే అక్కకి చేరేట్టు ఏమన్నా మిషను లేదా?"

నర్సు ఆ చేతిని పట్టుకుని, బంగారు అంగడిలో గాజులు చూసినట్టు చూసింది. "ఇట్లాంటివి దొరికితే మాకు పండగే ఆంటీ," అని ఒక నరం మీద వేలు కూడా పెట్టి నొక్కింది. అది చూసి పక్కమంచం మనిషి తన చెయ్యి చాచి చూపించాడు. మామగారు చొక్కా చెయ్యి మడిచారు. తుడవడానికి వచ్చిన అమ్మ కూడా చీపురు గోడకు ఆనించి చెయ్యి చూసుకుంది. వార్డులో అందరికీ నరాలు ఉన్నాయి.

"అందరికీ ఉండాయి," అన్నారు అత్తగారు. "చీరలు కొనేటప్పుడూ ఇట్లనే. నా దగ్గరికి వచ్చేసరికి మంచి రంగు అయిపోయి ఉంటుంది."

నవ్వులు ఆగకముందే డాక్టరు వచ్చారు. రెండు చేతుల మీదా అంటించిన దూది ముక్కలు చూశారు. కాలు చూశారు. ఆ ఎరుపు, ఎంత దాకా ఉందో గుర్తుకు నిన్న గీసిన పెన్ను గీత దాటి పైకి వచ్చింది. ఆయన కూడా ఒకసారి ప్రయత్నించారు. ఒక చుక్క కనబడి, మళ్ళీ ఏమీ లేదు.

"ఇట్ల గుచ్చుతా పోతే మిగిలేవి కూడా పాడవుతాయి," అన్నారు. "మధ్యాహ్నం మత్తు డాక్టరు వస్తారు. అప్పటికీ చేతిలో దొరకకపోతే మెడలో పెద్ద నరానికి వేయిస్తాను. భయం లేదు. మెడ శుభ్రంగా ఉండాలి. మెడలో ఉండేవన్నీ తీసి ఇంటివాళ్ళ దగ్గర ఇచ్చేయండి."

అత్తగారి చెయ్యి, ఆ దూది ముక్కలతోనే, మెడ మీదికి పోయింది. తాళికొడిని, అంటే తాళి ఉన్న గొలుసును, పిడికిట్లో పట్టుకున్నారు.

"తీసేది లేదు," అన్నారు.

డాక్టరు మెత్తగానే చెప్పారు. కొంచెం సేపే, మళ్ళీ వేసుకోవచ్చు, అందరూ తీస్తారు అని. అత్తగారు గోడ వైపు తిరిగారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పొద్దుటి మందు ఇప్పటికే ఆలస్యమైంది, మీరు నచ్చజెప్పండి అని వెళ్ళిపోయారు.

మామగారు మంచం దగ్గరికి కుర్చీ లాక్కున్నారు.

"తీస్తే ఏమి? నేను ఇంత పొడుగు మనిషిని ఎదురుగానే ఉండాను గదా."

"మీరు ఉండేదే దీన్ని పట్టుకొని," అన్నారు అత్తగారు.

ఈసారి ఆయన ఫ్యాను వైపు కూడా చూడలేదు.

"పోనీ అక్కా, పసుపుతాడు ఒకటి చేతికి కట్టుకో, ఇది తీసి," అంది చిన్నత్త.

"చేతిలో దొరికితే మళ్ళీ ఆడ కట్టింది తీయమంటారు. ఒద్దు. నన్ను ఇంటికి తీసుకొని పోండి. పసుపు, సున్నం ఉండాయి."

ఆవిడ అంటే చేసే మనిషి. కాలూ, తాళీ రెండూ నిలవాలంటే మధ్యాహ్నం లోపల ఆ చేతుల్లో ఎక్కడో ఒక నరం బయటికి రావాలి. కింద రోడ్డు పక్కన ఎళనీరు, అంటే కొబ్బరిబోండం, కొట్టించి, స్ట్రా వేయించి తెచ్చాను. అత్తగారు, "ఆడ పెట్టు, తాగుతాను," అన్నారు. పెట్టి, వరండా చివరికి పోయి, కిటికీలోంచి కనబడే ఆకాశానికి దండం పెట్టుకున్నాను. నాకు పెద్ద పెద్ద మొక్కులు చేతకావు. ఇప్పటిదాకా ఇచ్చినదానికి మేలు తలచుకుని, ఇది కూడా ఇవ్వు స్వామీ అంటాను, అంతే.

తిరిగి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాను. అత్తగారు తలుపు వైపే కాపలాగా చూస్తున్నారు. మామగారు అటు తిరిగి, వంగి, ఎళనీరు కాయ ఒడిలో పెట్టుకుని, స్ట్రాతో గబగబా పీలుస్తున్నారు.

"వచ్చేసింది," అన్నారు అత్తగారు మెల్లగా.

మామగారికి పొలమారింది. చిన్నత్త వీపు మీద చరిచింది.

"మామా, అది ఎవరికి?"

"ఆమెకి దాహం లేదంట అమ్మా."

"పొద్దుటి కాఫీ?"

ఆయన నేల చూశారు. "అదీ నేనే."

"పాలు?"

"చెప్తే వినదు. ఏనుంగ, తాగేయండి, పిల్ల వచ్చేస్తుంది అంటుంది. నేనేమి చేసేది?" మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి 'ఏమండీ' అనడానికి ఏనుంగ అంటారు. ఆ పిలుపుకు మామగారు ఎదురు చెప్పింది నేను ఎన్నడూ చూడలేదు. "నిన్న రాత్రి నుంచి రెండు కడుపులకి నేనొక్కడినే తాగతా ఉండాను. నీళ్ళు కూడా. చూడు, నాకు ఈడ ఆగడం లేదు," అంటూ లేచి ఆయన బాత్రూము వైపు పరుగు లాంటి నడకతో వెళ్ళారు. పొద్దుటి నుంచీ ఆయన అట్లా పోయి వస్తుంటే, పాపం, పెండ్లాం మీద బెంగతో కడుపు కదిలిందని నేనూ నర్సూ జాలిపడుతూ ఉన్నాము.

నేను అత్తగారి వైపు తిరిగాను. అప్పుడు చూశాను, పెదవులు ఎండి పొరలు లేచి ఉన్నాయి.

"మొక్కుకొంటిని," అన్నారు ఆవిడ. "కాలు దిగితే ఈ నెల శనివారాలంతా నీళ్ళు కూడా ముట్టనని. ముందు నేను విరదం ఉంటేనే గదా పెరుమాళ్ళు దించేది. నువ్వు బదులు ఉండేది ఏమి, నువ్వు సాప్పాటు తింటే నాకు కడుపు నిండుతుందా?"

"అత్తా, కాలు దిగాలంటే మందు ఎక్కాలి. మందు ఎక్కాలంటే నరంబు కనబడాలి. అది కనబడాలంటే మీరు నీళ్ళు తాగాలి."

"మొక్కుకొనేటప్పుడు ఇదంతా నాకు ఎవరు చెప్పినారు?" అన్నారు. ఇంకో సంగతి కూడా బయటపెట్టారు. నరం దొరకని ప్రతిసారీ ఆవిడ ఊరుకోలేదు. తేలు తోక అయ్యాక, ఇది దొరికితే కొండకు చెప్పుల్లేకుండా వస్తానని మొక్కారు. జారిపోయిన దానికి ఇంకో ఏడాది శనివారాలు కలిపారు. డాక్టరు ప్రయత్నించినప్పుడు కాఫీ పూర్తిగా మానేస్తానన్నారు.

"ఆ కడపటిది నాకు చెప్పనే లేదు," అన్నారు అప్పుడే తిరిగి వచ్చిన మామగారు, దిగులుగా.

విరదం విడవాలంటే తళిగ వేయాలి, అంటే ఆ అన్నం రాశి, కర్పూరం. ఇంట్లో పొయ్యి వెలిగించడానికి మనిషి లేదు. అందరం ఇక్కడే ఉన్నాము. కొట్టి తాగించలేము, మొక్కును చెడగొట్టమని చెప్పడానికి నాకు నోరు రాదు. నేను బడికి పోయిన దాన్ని కాదు. చిన్నప్పుడు మా తాత ఇంట్లోనే తెలుగక్షరాలు దిద్దించి, పెరుమాళ్ళ పేర్లతో చదువు మొదలుపెట్టి, వాటితోనే ముగించారు. ఆయన దగ్గర ఉపవాసాలన్నీ చూశాను. ఎంత కటిక ఉపవాసమైనా ఆయన పూజ అయ్యాక చెయ్యి చాపేవారు.

"అత్తా," అన్నాను. "తీర్థం పుచ్చుకుంటే విరదం చెడుతుందా?"

"తీర్థం ఎట్ల చెడుతుంది? అది నీళ్ళా ఏమి?"

ఆ శనివారం తులసి కోసం వెతుక్కోనక్కర లేదు, బస్టాపు దగ్గర పూలమ్మే ఆమె బుట్టనిండా అదే. ఒక మాల తెచ్చి, వార్డులో కాచి చల్లార్చిన నీళ్ళు పెద్ద స్టీలు సొంబు నిండా పట్టి, దళాలు తుంచి వేశాను. తూర్పు ముఖంగా నిలబడి, మనస్ఫూర్తిగా పెరుమాళ్ళని పిలిచాను. మోసం చేస్తున్నానని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. ఆ నీళ్ళ దగ్గరికి ఆయన వచ్చాడనే నా నమ్మకం.

ఉద్ధరిణి లేదు. నర్సు సిరప్పు చెంచా కడిగి ఇచ్చింది. అత్తగారు లేచి కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, కుడి చెయ్యి చాపారు. కేశవా అని పోశాను. పుచ్చుకుని, చెయ్యి తలకు రాసుకున్నారు. నారాయణా అని పోశాను. మాధవా అని పోశాను. అంతటితో చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఆయనకి అన్ని పేర్లు ఉంటే మూడుతో నిలిపితే ఎట్లా అత్తా?"

అత్తగారు నన్ను నిదానంగా చూశారు. నా ఎత్తు ఆవిడకు అర్థం కాలేదని నేను అనుకోను. కానీ పేరు పెట్టి పిలిచి ఇస్తున్నదాన్ని కాదనడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. మళ్ళీ చెయ్యి చాపారు.

గోవిందా అన్నప్పుడు మామగారు తళిగ దగ్గర వేసే కేకే వేశారు. చిన్నత్త అందుకుంది. పక్కమంచం మనిషి అందుకున్నాడు. నాకు తాత నేర్పిన పేర్లు ఎక్కడా అడ్డుపడకుండా వస్తున్నాయి, చెంచా వెంట చెంచా పోతున్నది. వార్డులో ఒక్కొక్కరే చేతులు చాపారు. ఆ మూలన ఆపరేషనుకు ఖాళీ కడుపుతో ఉంచిన ఆయన కూడా చాపబోతే నర్సు ఉరికింది.

"మీకు వద్దు అన్నా, మీది నిజమైన ఉపవాసం," అని ఆయన చేతిని మడిచి దుప్పటి కిందికి తోసింది. మళ్ళీ మా దగ్గరికి వచ్చి, సొంబు వంచి చూసి, "అమ్మా, ఇంకా పేర్లు ఉండాయా?" అని రహస్యంగా అడిగింది.

"చాలా ఉండాయి."

"చెప్పండి చెప్పండి. నేను ఇంకో సొంబు పట్టుకొస్తాను. ఆకు మీరే వేయండి, నేను వేస్తే చెల్లుతుందో లేదో."

అట్లా పేర్లూ నీళ్ళూ చాలాసేపు నడిచాయి. చివర్లో అత్తగారు చెంచా నా చేతిలోంచి తీసుకుని, సొంబు ఎత్తి తాగి, "మిగిలిన పేర్లకంతా ఒకే తూరి," అన్నారు. పడుకున్నారు. నర్సు ఆ చేతులను మళ్ళీ వేడినీళ్ళ తొడుగులతో చుట్టి, కిందికి వేలాడదీసి, ఎవరూ మాట్లాడించొద్దని చెప్పింది. మేము ఆ చేతుల వైపు, పొంగుతుందా లేదా అని పాలగిన్నెను చూసినట్టు చూస్తూ కూర్చున్నాము.

మత్తు డాక్టరు వచ్చారని కింద నుంచి కబురు వచ్చింది. నర్సు ఎడమ చేతి గాజులను పైకి నెట్టి, బొటనవేలి పక్కన మణికట్టు మీద వేలు ఆనించింది. ఆ చోట పొద్దుటి నుంచి గాజుల కింద ఉండి ఎవరికీ తోచలేదు. ఈసారి ఆ పిల్ల ముఖం విప్పారలేదు, ఊపిరి మాత్రం బిగబట్టింది. మెత్తగా గుచ్చింది. సూది వెనకాల గొట్టంలోకి ఎర్రగా ఒక చుక్క వచ్చి నిలిచింది. దాని వెనక ఇంకొకటి.

"కదలొద్దు పాట్టీ," అంది. ప్లాస్టరు వేసి, అది చాలక ఇంకొకటి వేసి, దాని మీద గుడ్డ చుట్టి, అప్పుడు తన శిలువను ముద్దు పెట్టుకుంది. మత్తు డాక్టరు తలుపు దాకా వచ్చి, డ్రిప్ కారడం చూసి, చేసేదేమీ లేక, తులసి నీళ్ళు మిగిలితే ఇవ్వమని చెయ్యి చాపారు.

మందు ఎక్కడం మొదలైంది. అత్తగారు సీసా వైపే చూస్తున్నారు. కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచారు.

"ఏమే, ఆ సీసాలో ఉండేది ఏమి?"

"మందు కలిపిన ఉప్పునీళ్ళు అత్తా."

"నీళ్ళా?" లేవబోయారు. "అయితే విరదం పోయినట్టేనా?"

నాకు తాత చెప్పినవాటిలో దీనికి జవాబు లేదు. మామగారే ఆలోచించి చెప్పారు.

"నోట్లో పోలేదు గదా. చేతిలో పోయింది. చెయ్యి తడిస్తే విరదం చెడుతుందా?"

అత్తగారు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చెప్పినది సరిగ్గా ఉందని ఒప్పుకోవలసి రావడం కొంచెం కష్టంగానే ఉన్నట్టుంది. చివరికి తల దిండు మీద వాల్చారు.

లేవడం, పడుకోవడం, తలమీద కొంగు, ఇన్నింటి మధ్య తాళికొడి మెలిపడి, భుజం వెనక్కి పోయి రవిక కొక్కేనికి చిక్కుకుంది. సూది ఉన్న చేతిని ఆవిడ కదపకూడదు. నేను లేవబోయాను. నాకంటే ముందు మామగారు లేచి, వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ కొక్కెం దగ్గర చిక్కు విడదీయసాగారు. చాలాసేపు పట్టింది. విడదీసి, కొడిని ముందుకు తెచ్చి, తాళిని ఆవిడ గుండె మీద సరిగ్గా పడేట్టు పెట్టారు. పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు.

"చాలు, తీయండి," అన్నారు అత్తగారు కళ్ళు మూసుకునే. "నలుగురు చూస్తా ఉండారు."